ఆ ఏడు చేపల పేర్లేమిటి?

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చిన కథ మనందరికీ ఉగ్గుపాలతో అబ్బినదే. అందులో ఒక చేప ఎండలేదు. ఎందుకెండలేదని మనం ముందు ఆ చేపనే నిలదీశాం. ఆ పైన గడ్డిమోపును, ఆవును, పశువుల కాపరిని, అవ్వను, పసివాణ్ణి వరసగా బోనెక్కించి, చివరకు చీమ వాఙ్మూలంతో విచారణ ముగించాం. ఇంత సమగ్రమైన విచారణలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ఏడు చేపల పేర్లేమిటి? అవి పరిగెలా, జెల్లలా, మట్టగిడసలా?

పిల్లల కథలో చేపకు పేరు లేకపోతే వచ్చిన నష్టమేమీ లేదు. కాని అదే అలక్ష్యం పెద్దల పాఠ్యగ్రంథాల్లోకీ, చేపల పెంపకం మార్గదర్శకాల్లోకీ ప్రవేశిస్తే చేప ప్రాణం మీదికి వస్తుంది. కృష్ణా డెల్టాలో అదే జరిగింది. ఇవాళ నేను తగువు పెట్టుకోబోయేది ఏ మనిషితోనూ కాదు, ఒక మాటతో. ఆ మాట "కలుపు చేప".

తగువు పూర్వాపరాలు తెలియాలంటే ముందుగా మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మా చిన్నాన్న కొడుకు ఇరవై యేళ్ళ బట్టీ అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటున్నాడు. ఆ మధ్య ఒక ఆషాఢమాసంలో ఊరికి వచ్చినప్పుడు, సంచిలోంచి నాలుగు ముక్కలుగా విడదీసి సర్దిన సన్నని గాలపుకర్రనూ, అరచేతిలో పట్టే డబ్బానూ తీశాడు. డబ్బా మూత తీస్తే వరసగా ఈగలు. ప్రాణమున్న ఈగలు కావవి. గాలపు ముల్లుకు దారం చుట్టి, కుందేటి వెంట్రుకలు అద్ది, కోడి మెడ ఈకను మెలితిప్పి రెక్కలుగానూ కాళ్ళుగానూ నిలబెట్టిన బొమ్మ ఈగలు. వాటిని అతడే స్వయంగా, చలికాలపు రాత్రుళ్ళు బల్ల ముందు కూర్చుని కట్టాడట.

ఆ విద్య సూక్ష్మం ఇదీ. మన గాలంలో బరువు సీసపు గుండుది. దారం దాని వెంటబడి పోతుంది. ఈగ గాలంలో ఎరకు బరువే ఉండదు, బరువంతా దారానిదే. ఆ లావుపాటి దారాన్ని గాలిలో వెనక్కూ ముందుకూ ఊపి, చివరనున్న ఈగను దూదిపింజ వాలినట్టు నీటి మీద వాల్చాలి. నీటి మీద తేలే ఈగ వేరు, మునిగే ఈగ వేరు, ఇంకా రెక్కలు రాని పురుగును పోలినది వేరు. ఏ నెలలో, ఏ పూట, ఏ పురుగు నీళ్ళలోంచి పైకి లేస్తుందో తెలిసినవాడికే ట్రౌటు చేప దొరుకుతుంది. పూర్వం మాసిడోనియాలో ఒక నది ఒడ్డున గాలానికి ఎర్ర ఉన్నీ, ఈకలూ చుట్టి చేపలు పట్టేవారని ఈలియన్ అనే రోమను రచయిత వ్రాశాడు. ఇంగ్లండులో 1496లో అచ్చయిన ఒక చిన్న గ్రంథంలో పన్నెండు ఈగల తయారీ ఉంది. 1653లో ఐజాక్ వాల్టన్ "ది కంప్లీట్ యాంగ్లర్" వెలువరిస్తే, 1676లో చార్లెస్ కాటన్ దానికి ఈగ గాలం మీద ఒక భాగం చేర్చాడు. ఆ పుస్తకం నేటికీ ముద్రణలోనే ఉంది.

"అమెరికాలో ఆడమ్స్ అనే ఈగ ఉందన్నయ్యా. 1922లో మిషిగన్‌లో ఒకాయన కట్టాడు, దానితో మొదట చేపలు పట్టిన మిత్రుడి పేరు పెట్టాడు," అన్నాడు మా తమ్ముడు. ఈక ముక్కకు జన్మస్థలమూ, జన్మ సంవత్సరమూ, నామకరణమూ ఉన్నాయన్నమాట.

ట్రౌటుతో మనకు పని లేదు. అది చన్నీటి చేప. నీటి వేడి ఇరవై డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఆంగ్లేయులు దాన్ని పనిగట్టుకుని కాశ్మీరులోనూ నీలగిరుల్లోనూ ప్రవేశపెట్టారు గాని, గుడివాడ కాలువలో వేస్తే అది ఒక్క పూట బతకదు. నన్ను పట్టుకున్నది వేరే మాట. మా తమ్ముడు ట్రౌటు కాక ఇంకో తరహా చేపలు కూడా పడతాడు. బ్లూగిల్ మొదలైన అరచేతి పాటి చేపలు. వాటన్నిటినీ కలిపి వాళ్ళు "పాన్‌ఫిష్" అంటారు, అంటే పెనం చేపలు. వేపుడు పెనంలో సరిగ్గా పట్టే చేపలు కాబట్టి ఆ పేరు. అక్కడ పసిపిల్లల చేతికి మొదటి గాలం ఇచ్చేది ఈ చేపల కోసమేనట. వాటిని ఎవ్వరూ చులకన చెయ్యరట.

పెనం చేప! ఎంత చక్కని మాట. తినేవాడి వంటింట్లోంచి వచ్చిన మాట. మరి అంతే పరిమాణం గల మన చేపలకు మన పుస్తకాలు పెట్టిన ఉమ్మడి పేరేమిటి? "కలుపు చేపలు".

మర్నాడు అతణ్ణి మా ఊరి మురుగుకాలువ గట్టుకు తీసుకెళ్ళాను. గుడివాడకు ఎగువన, నందివాడ మండలంలో మా ఊరు. అతడు నీళ్ళ వైపు చాలాసేపు చూసి, "ఈ నెలలో ఈ నీటి మీద ఏ పురుగు రాలుతుందన్నయ్యా?" అని అడిగాడు. నేను తెల్లమొగం వేశాను. డెల్టా మీదా, కాలువగట్ల మీదా పుంఖానుపుంఖాలుగా వ్రాసినవాణ్ణి, నాకు సమాధానం తెలియలేదు. గేదెలు కాసుకుంటున్న ఒక తాత మా మాటలు విని దగ్గరికొచ్చాడు. "ఇప్పుడేం రాలతాయి బాబూ! రాత్రికి వాన పడితే తెల్లారేసరికి ఉసుళ్ళు రాలతాయి. ఆ పూట ఎర్రలు తవ్వక్కర్లేదు, చేపంతా పైకే వస్తది," అన్నాడు.

వాల్టన్ పేరు విననివాడు, ఈగ గాలం కంటితో చూడనివాడు, ఆ శాస్త్రంలోని మూలసూత్రాన్ని రెండు వాక్యాల్లో చెప్పాడు.

ఆ రాత్రి వాన పడింది. మా తమ్ముడు దీపం ముందు కూర్చుని, గోధుమరంగు దారం చుట్టి, తెల్లకోడి ఈకలతో రెండు జతల రెక్కలు నిలబెట్టి ఒక ఉసురును కట్టాడు. దాని ఒంటికి చుట్టిన పోగు నెమలిపింఛానిదని చూపించాడు. అతడి డబ్బాలోని ఈగల్లో సగానికి నెమలి పోగే ఒళ్ళట. అంతేకాదు, పాతకాలపు సాల్మన్ ఈగలకు పెట్టే కన్నుల చుక్కల ఈక మన దక్షిణాపథపు అడవికోడి మెడది. ఇప్పుడు దాని ఎగుమతి నిషిద్ధం గాని, ఒకప్పుడు ఓడలకెత్తి పంపిన సరుకది. తెల్లవారి కాలువలో ఆ బొమ్మ ఉసురుకు మూడు పరిగెలూ ఒక గొరకా పడ్డాయి. తాత వాటిని చేతిలోకి తీసుకుని చూసి, "కోడీకకి మోసపోయే చేపలు ఇంకా ఉన్నాయి బాబూ, సంతోషం," అన్నాడు. ఆ "ఇంకా" అన్న మాటలో ఉన్నది నాకు తెలుసు. ఎందుకంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఆ వాటా సంగతి ఇప్పుడు చెప్పుకుంటాను.

మా నాన్నగారి తదనంతరం నాకు సంక్రమించిన మూడెకరాల మాగాణిని, ఇరుగుపొరుగంతా చెరువులు తవ్వుతుంటే, నేనూ చేపల చెరువుకు కౌలుకిచ్చాను. వరి కన్నా ఎన్నో రెట్లు కౌలు. సంతకం చేసినప్పుడు నా చెయ్యి వణకలేదు. పొలం మూలనొక పాత గుంట ఉండేది. పశువులు నీళ్ళు తాగే గుంట. చిన్నప్పుడు జీలుగుబెండు కట్టిన గాలంతో నేను మొట్టమొదట చేప పట్టింది అందులోనే. చెరువు తవ్వకంలో ఆ గుంట కూడా కలిసిపోయింది. పెద్ద చేపపిల్లలు వదిలే ముందు పాత నీటిని "శుద్ధి" చెయ్యాలన్నారు. ఇప్పచెక్క పిండి బస్తాలు దిగాయి. పుస్తకంలోని మోతాదు హెక్టారుకు, మీటరు లోతు నీటికి, 2500 కిలోలు. ఇప్పచెక్కలోని విషం చేప నెత్తుటి కణాలను చిట్లగొడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ విషం విరిగి, పిండి చెరువుకు ఎరువుగా మారుతుంది. అలా చచ్చిన చేపను మనుషులు తినవచ్చు. లెక్క ప్రకారం చాలా పొందికైన పద్ధతి.

నీళ్ళలో పిండి కలిపిన కొద్దిసేపటికి చేపలు పైకి తేలాయి. ముందు పరిగెలు. వెండినాణాలు గుమ్మరించినట్టు నీళ్ళంతా తెల్లబడింది. తరువాత జెల్లలు, గొరకలు. గాలి పీల్చి బతికే మార్పులూ ఇంగిలాయిలూ మట్టగిడసలూ చాలాసేపు పోరాడాయి. గట్టు మీద ఒక ముసలమ్మ కొంగు పరిచి వాటిని ఏరుకుంటోంది. కౌలుదారు మనిషి, మంచివాడే, "అది కలుపమ్మా, వదిలెయ్. రేపు పట్టుబడికి రా, శీలావతి ఇప్పిస్తా," అన్నాడు. ఆమె తలెత్తకుండా, "ఇది కలుపైతే మేం ఇన్నాళ్ళూ తిన్నదేంటి బాబూ?" అంది.

ఆ ప్రశ్న నన్నడిగింది కాదు. కాని సమాధానం చెప్పవలసినవాణ్ణి నేనే, ఎందుకంటే ఆ నేల నాది. ఇన్నేళ్ళ తరువాత ఆ సమాధానం వ్రాయడానికి ప్రయత్నిస్తున్నాను.

కలుపు అంటే ఏమిటి? రైతు నాటనిది, నాటినదాని తిండి తినేది. పైరుకు ఆ న్యాయం సరిపోతుంది. ఎందుకంటే చేలో ప్రతి మొక్కనూ రైతే నాటాడు. నీటి సంగతి అలాంటిది కాదు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వినప్పుడు ఆ కాలువల్లోకి ఈ చేపలను ఎవరూ తెచ్చి పొయ్యలేదు. నది తెచ్చింది, బుడమేరు తెచ్చింది, కొల్లేరు ఎగదోసింది. అవి ఆ నీటికి హక్కుదారులు. శీలావతి, బొచ్చె మన నదుల చేపలేననుకోండి. కాని చెరువులో వదిలిన వాటి పిల్లలు హేచరీ నుంచి డబ్బులిచ్చి తెచ్చుకున్నవి. పంగాసియస్, రూప్‌చందు ఏకంగా పరదేశాలవి. నాటినవాడు తాను నాటినదాన్ని పంట అనుకోవడం సహజం. కాని అంతకు ముందునుంచీ ఉన్నవాణ్ణి కలుపు అనడం ఎక్కడి న్యాయం?

నిజంగా కలుపు అని పిలవదగిన చేప ఒకటి మన నీళ్ళలోకి వచ్చింది. అద్దాల తొట్లలో పాచి తింటుందని అలంకారానికి తెచ్చి, పెరిగాక కాలువల్లో పారబోసిన పొలుసుకవచాల చేప. జాలర్లు దెయ్యం చేప అంటారు. వలలు చింపుతుంది, తినడానికి పనికిరాదు. మాటను వాడవలసిన చోట వాడకుండా, వాడరాని చోట వాడాం.

ఇంకో విడ్డూరం చూడండి. ఈ పుస్తకాల్లోనే కలుపు చేపల పక్కన "పరభక్షక చేపలు" అని ఇంకో జాబితా ఉంటుంది. అవీ నిర్మూలించవలసినవే. అందులో మొదటి వరసలో ఉండేది కొరమీను. అదే కొరమీను తెలంగాణకు రాష్ట్ర చేప! బజారులో దాని ధర ముందు శీలావతి తల దించుకుంటుంది. పొరుగు రాష్ట్రంలో రాజముద్రకు సాటి గౌరవం, మా ఊరి చెరువులో మరణశిక్ష.

పోషణ మాటకొద్దాం. కలుపు చేపల జాబితాల్లో తప్పకుండా కనిపించే వేలెడంత చేప ఒకటుంది, మోలా అంటారు. బంగ్లాదేశ్‌లో శకుంతలా థిల్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త ఈ చిన్న చేపల పోషక విలువలను ఏళ్ళ తరబడి పరిశోధించారు. మోలా కళ్ళలోనూ లోపలి భాగాల్లోనూ విటమిన్ ఎ పుష్కలంగా ఉంటుందనీ, తలా ముల్లుతో సహా తింటారు కనుక సున్నమూ ఇనుమూ ఒంటబడతాయనీ తేలింది. అంతవరకూ అక్కడ కూడా చెరువుల్లోంచి ఏరి చంపిన చేపే అది. ఆ తరువాత కార్పు చేపల చెరువుల్లోనే దాన్ని కలిపి పెంచే పద్ధతి వచ్చింది. పెద్ద చేప అమ్మకానికి, చిన్న చేప ఇంటి పిల్లలకు. 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి లభించింది. పరాయివారి బహుమతి వచ్చేవరకూ మనం ఆగాలా? కొంగులో చేపలు ఏరుకున్న ముసలమ్మకు ఈ శాస్త్రమంతా తెలియకపోవచ్చు, దాని ఫలితం మాత్రం తెలుసు.

ఇక ఎదురుపక్షం వారి మాటలు. నాకు తెలిసినంతలో అవి మూడు.

మొదటిది: చెరువులు డెల్టాకు అన్నం పెట్టాయి కదా, నీ కౌలు సంగతేమిటి? నిజం. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. ఐసు కప్పుకుని లారీలెక్కి మా చేప బెంగాలు, అస్సాము దాకా పోతుంది. చెరువులు పూడ్చెయ్యమని నేననడం లేదు. అనే అర్హతా నాకు లేదు. నేనంటున్నది ఒకటే. చెరువు గట్టు లోపల మీ ఇష్టం, గట్టు బయట కాలువ మీది కాదు. ఇప్పుడు గట్టు బయట కూడా ఆ మాటే చెలామణీ అవుతోంది. ఊరుమ్మడి చెరువును పంచాయతీ చేపల పెంపకానికి వేలం వేస్తుంది. పాడినవాడు దాన్నీ "శుద్ధి" చేస్తాడు. పిల్లవాడు గాలం వెయ్యబోతే కాపలావాడు తరుముతాడు. ఒక ఊళ్ళో ఒక్క చెరువైనా వేలం లేకుండా మిగలకూడదా?

రెండవది: గాలం సోమరి పని, పైగా జీవహింస. ఈ మాట సాహితీమిత్రుల్లోనే ఎక్కువగా విన్నాను. మన వాడుకలో "గాలం వెయ్యడం" అంటే మోసానికి పర్యాయపదమే కదా. చేపను తినని వారి ధర్మాన్ని గౌరవిస్తాను. కాని బస్తాల కొద్దీ ఇప్పపిండితో లక్షల చేపల్ని చంపితే అది పరిశ్రమ, పిల్లవాడు ఎర్ర గుచ్చి నాలుగు పరిగెలు పడితే అది హింసా? ఇక సోమరితనం అంటారా, 12వ శతాబ్ది పూర్వార్ధంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు "మానసోల్లాసం" అనే సంస్కృత విజ్ఞానసర్వస్వంలో మత్స్యవినోదానికి ఒక ప్రకరణమే కేటాయించాడు. చేపల రకాలు, గాలపు కర్ర, దారం, ఏ చేపకు ఏ మేత, ముందుగా మేత వేసి చేపను ఒక చోటికి ఎలా అలవాటు చెయ్యాలి, అన్నీ అందులో ఉన్నాయి. వాల్టన్‌కు ఐదు వందల ఏళ్ళ ముందటి మాట. తెలుగునేలలో కొంత భాగం ఏలిన రాజు సిగ్గుపడకుండా వ్రాసినదాన్ని గురించి నోరెత్తడానికి మనకు నామోషీ.

మూడవది: ఇదంతా గతాన్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకోవడమే గదా? కాదు. అసలు తగువంతా ఇక్కడే ఉంది. పేరు పోతే చేప పోవడం ఎవరికీ తెలియదు. కొల్లేటిని 1999లో అభయారణ్యమన్నాం, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చాం, 2006లో అందులోని చెరువుల గట్లు తెగ్గొట్టాం. గూడబాతుల ఫొటోలు ఎన్నో చూశాం. ఆ గూడబాతులు ఏం తిని పెరిగాయో ఎవరైనా అడిగారా? గూడబాతుకు అభయం, అది తినే పరిగెకు ఇప్పపిండి. "కలుపు" అన్న గంపగుత్త పేరు కింద ఎన్ని జాతులు ఉన్నాయో తెలియనప్పుడు, అందులో ఒకటి తగ్గిందని గుర్తించేది ఎవరు? వలలో పడ్డది వలవాడికి బరువు లెక్క. ఒక్కొక్క చేపనూ విడివిడిగా చేతిలోకి తీసుకుని, దాని మూతి నుంచి ముల్లు ఊడదీసి, మొగం చూసేవాడు గాలం వేసేవాడొక్కడే. అందుకే గాలం పోవడమంటే ఆట పోవడం కాదు, సాక్షి పోవడం.

ఈ సాక్ష్యానికి ఎంత బలముందో చెప్పే ఉదాహరణ మన తీరంలోనే ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు విశాఖపట్నంలో రెండు వందల చేపలను సేకరించి, బొమ్మలు వేయించి, 1803లో లండనులో పుస్తకం వేశాడు. చేపలకు అక్కడివారు చెప్పిన పేర్లనే ఆంగ్లాక్షరాల్లో వ్రాసుకున్నాడు. అందులో "పండుమీను" ఉంది. నాగాయలంకలోనూ ఎదురుమొండి పాయల్లోనూ ఇవాళ మనం పండుగప్ప అంటున్నది అదే. "పాలబొంత" ఉంది. "జెలో" అని ఆయన విన్న పేరు ఒక సముద్రపు చేపకు శాస్త్రనామంలో భాగమై ఈనాటికీ ప్రపంచమంతటా చెలామణీ అవుతోంది. పేర్లు చెప్పిన జాలర్లు ఎవరో మనకు తెలియదు. వాళ్ళు చెప్పారు, ఆయన వ్రాసుకున్నాడు, పేరు నిలిచింది. అదే మద్రాసు రాజధానిలో కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా", 1887లో మన చెరువుల్లో గాలపు వేట మీద "ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా" వ్రాశాడు. ఆ దొరలు చేపలను ప్రేమించిన తీరు నిర్దోషమని నేననను. మన కొండవాగుల్లో ట్రౌటును వదిలినవారు అక్కడి సొంత చేపల మాట ఆలోచించలేదు. అయినా వాళ్ళు వ్రాశారు. మనం వ్రాయలేదు.

మనమంటే ముందు నేను, ఆ తరువాత మీరు. గోదావరి పులస మీద మనం ఎన్ని వ్యాసాలు వ్రాసుకోలేదు! పుస్తెలమ్ముకునైనా తినాలన్న సామెతను ఎన్నిసార్లు వల్లించలేదు! మచిలీపట్నం వాళ్ళం పేరులోనే చేప ఉందనీ, ఒకనాటి కోటద్వారానికి చేపకన్ను అలంకరించారనీ ఊరి పురాణం చెప్పుకుని మురుస్తాం. గిలకలదిండి రేవులో గంపలోని పది రకాల చేపలు చూపించి పేర్లు చెప్పమంటే, మూడు దాటితే నీళ్ళు నములుతాం. దివిసీమ మడ అడవుల పాయల్లో ఏ పోటుకు ఏ చేప ఎక్కుతుందో ఎరిగిన యానాదుల మాట ఒక్కటైనా మన పత్రికల్లో అచ్చయిందా? అక్కడివాళ్ళు బొమ్మ ఈగకు కూడా పేరు పెట్టుకున్నారు. మనం బతికున్న చేపకు ఉన్న పేరు తీసేశాం.

అంచేత నా కోరికలు మూడే. మొదటిది, పుస్తకాల్లోంచి "కలుపు చేప" అన్న మాట తొలగించాలి. దానికి బదులు మాట కోసం సంఘాలు వెయ్యనక్కర్లేదు, చేపల బజారులో ఉన్నదే: నాటు చేప. రెండవది, ఊరుమ్మడి నీళ్ళలో ఒక్కటైనా వేలం నుంచి తప్పించి, దాన్ని పిల్లల గాలానికి విడిచిపెట్టాలి. మూడవది మన పని. ప్రతి ఒక్కరూ తమ ఊరి నీళ్ళలోని చేపల పేర్లు, వాటి గుర్తులు, వాటిని పట్టే పద్ధతి పెద్దవాళ్ళను అడిగి వ్రాయాలి. ఈ పని చెయ్యడానికి డబ్బు అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు.

నా వంతుగా నేను చేసింది చాలా చిన్నది. కౌలు గడువు తీరి కొత్త కాగితం వ్రాసుకున్నప్పుడు ఒక షరతు పెట్టించాను. పొలం మూలన పాతిక సెంట్లు వదిలి, అక్కడ మళ్ళీ గుంట తవ్వి, మురుగుకాలువకు తూము పెట్టాలి, అందులో ఏ పిండీ కలపరాదు. కౌలు తగ్గింది. ఇంట్లో మాటలు పడ్డాను. రెండు వానాకాలాలు గడిచాక గుంటలోకి ఏమేం చేరాయో చూద్దామని జీలుగుబెండు గాలంతో వెళ్ళాను. గేదెల తాతే నా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చెప్పాడు. అది ఇక్కడ వ్రాస్తున్నాను.

పరిగె: ఎరను కొరకదు, చిదుపుతుంది. బెండు మునగకుండా వణుకుతుంటే అది పరిగె.

జెల్ల: మీసాల చేప, పొలుసు ఉండదు. వీపు మీదా రెక్కల దగ్గరా ముళ్ళుంటాయి. ముల్లు తీసేటప్పుడు తల వెనకనుంచి పట్టుకోవాలి.

గొరక: చెంపలు రంపంలా ఉంటాయి. వాన రాత్రి తడినేల మీద పాకి పక్క గుంటకు పోతుంది.

మట్టగిడస: పిల్లల గుంపును కాపాడుకుంటూ తిరుగుతుంది. ఆ రోజుల్లో దానికి గాలం వెయ్యకూడదంటాడు తాత.

బొమ్మిడాయి: పాములా సన్నగా, మూతి కోసుగా ఉంటుంది. ఎర్రను చివరినుంచి నాజూకుగా తినేసి, ముల్లును వదిలేస్తుంది.

మార్పు: నీళ్ళు ఇంకిపోయినా బురదలో గాలి పీల్చి బతుకుతుంది.

ఇంగిలాయి: రెక్క ముల్లు గుచ్చుకుంటే పూటంతా సలుపు. పేరు చెప్పి భయపెట్టకుండా ఏ తల్లీ పిల్లవాణ్ణి కాలువకు పంపేది కాదట.

ఇవీ ఏడు చేపలు. అన్నీ నా గుంటలో దొరకలేదు, నాలుగే దొరికాయి. మిగిలిన మూడూ తాత నోట విన్నవి. అవి వస్తాయో రావో వచ్చే వానలకు చూడాలి. ఈలోగా మీ ఊరి ఏడింటి పేర్లు మీరు చెప్పండి.